కొరడా పక్కన పెట్టి, ముందు నాడి చూడండి

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మా గుర్రపుశాలకు వచ్చే పెద్దమనుషుల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాట వినగానే నేను వెళ్లి ఆ నాలుగో కాలు ఎత్తి చూస్తాను, డెక్కలో రాయి ఇరుక్కుందా, లాడం దగ్గర వేడిగా ఉందా అని. పొగరు అనుకుంటే కొరడాతో సరిపోతుంది, నొప్పి అనుకుంటే డాక్టరును పిలవాలి. అందుకే అందరికీ పొగరే ముందు కనబడుతుంది.

హైదరాబాద్ శివార్లలో స్వారీ నేర్పుతాను. నా దగ్గర ఉన్నవాటిలో మలక్‌పేట గుర్రపు పందేల నుంచి తప్పుకున్న థరోబ్రెడ్‌లే, అంటే పందెపు జాతి గుర్రాలే ఎక్కువ. పసితనం వదలకముందే పరుగుకు దిగినవి, రోజులో ఎక్కువసేపు గదిలో ఒంటరిగా నిలబడినవి. వాటి బెదురు పోగొట్టడం, పైన కూర్చున్న మనిషి బెదురు పోగొట్టడం ఒకే పని.

మొదట నాడి. ఉదయం గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు దవడ ఎముక లోపలి అంచున వేళ్ల కొసలతో తడమండి. సన్నని తాడులా ఒక నాళం వేళ్ల కింద జారుతుంది. బొటనవేలు వాడితే మీ నాడే మీకు తగులుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఎదిగిన గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. ఒక వారం రాసిపెట్టుకుని, తర్వాత జీను చూపించి మళ్లీ లెక్కపెట్టండి. కదలకుండా నిలబడిన గుర్రానికి జీను కనబడగానే 60 దాటితే, ఆ రోజుకు స్వారీ మానేయండి.

తర్వాత ముఖం. కంటి పైన ముడత కోణంగా లేస్తుంది, ముక్కుపుటాలు బిగుస్తాయి, గడ్డం గట్టిపడుతుంది, చెవులు వెనక్కి వాలతాయి. ఇవి కనబడేవి. కనబడని భయం ఇంకోటి ఉంది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు చెవిలో మోగుతున్నా, కాళ్ల దగ్గర టపాసులు పేలుతున్నా కొయ్యబారి నిలబడే గుర్రాన్ని చూసి ఎంత బుద్ధిమంతురాలో అంటారు. దాని కంటి ముందు చెయ్యి ఆడించండి, గడ్డి పెట్టి చూడండి. రెప్ప కదలదు, నోరు తెరవదు. అది నెమ్మదితనం కాదు, పారిపోయే దారి లేదని తెలిసి ఊరుకోవడం.

నొప్పి సంగతి తేలేవరకు శిక్షణ మొదలుపెట్టకండి. ఒక గోధుమరంగు గుర్రం పొట్ట కింది పట్టీ బిగించగానే గాలిని కొరికేది. పాత యజమాని దృష్టిలో అది తుంటరితనం. ఎండోస్కోపీ చేయిస్తే కడుపులో పుళ్లు కనబడ్డాయి. గుర్రం కడుపులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. ఉలవలు, దాణా ఎక్కువై గడ్డి తగ్గితే పుళ్లు పడతాయి. మందు డాక్టరు ఇస్తారు. గడ్డి రోజంతా అందేలా చూడటం, స్వారీకి ముందు కాస్త లూసర్న్ మేత పెట్టడం మన పని. గుమ్మం చెక్క కొరకడం, తల అటూ ఇటూ ఊపడం కూడా చాలావరకు గడ్డి కరువు, తోడు కరువు వల్లే. మెడకు పట్టీ బిగించి ఆపితే అలవాటు మాత్రమే ఆగుతుంది.

ప్లాస్టిక్ పట్టా చూసి బెదిరే గుర్రాన్ని కట్టేసి, దాని మీద పట్టా ఆడించే పద్ధతి నాకు పరమ అసహ్యం. పట్టాను దూరంగా పరవండి. చెవులు అటు తిప్పినా గడ్డి నమలడం ఆపని దూరం ఒకటుంటుంది. అక్కడ కాసేపు ఉండి, అది బెదిరేలోపే మీరే వెనక్కి తీసుకురండి. మర్నాడు రెండడుగులు ముందుకు.

ఇక రౌతు. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. గుర్రాలను నడిపించే, స్వారీ చేసే వాళ్లకు నాలుగోసారి వెళ్లేటప్పుడు దారిలో గొడుగు తెరుస్తామని చెప్పారు. తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, గొడుగు సంగతి తెలియని గుర్రాలదీ పెరిగింది. పందెపు గుర్రంతో ఇంకో చిక్కుంది. పగ్గం బిగిస్తే చాలావాటికి అది పరుగెత్తమన్న సైగ. భయపడ్డ మనిషి ముందు చేసేది పగ్గం లాగడమే.

పడ్డవాళ్లను వెంటనే మళ్లీ ఎక్కించాలనే ఆచారాన్ని నేను పాటించను. తలకు దెబ్బ తగిలితే, వాంతి అయినా మగత కమ్మినా ఆస్పత్రికి పరుగెత్తాలి. నేలకు కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా మార్చాలి. తిరిగి వచ్చిన రోజు నెమ్మదైన ముసలి గుర్రాన్నే ఇస్తాను. పగ్గం నా చేతిలో ఉంటుంది, రౌతు మెడపట్టీ పట్టుకుంటాడు. ట్రాట్ (చిన్న పరుగు) లేదు, నడకే. ఎదురుగా కనబడేవన్నీ పైకి చెప్పమంటాను, మాట్లాడుతూ ఊపిరి బిగపట్టడం కుదరదు కాబట్టి. నెల దాటినా ఆ పడటమే కలలోకి వస్తుంటే, గుర్రం వాసనకే చెమటలు పడుతుంటే అది నా చేతిలో పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.