ఊరు పోయినా నా విక్కా సాధన తెగకుండా ఎట్ల చేసుకున్నానంటే

మాది తిరుపతి, పనిమీద చెన్నైకి పోతా వస్తా ఉంటా. విక్కా అంటే ప్రకృతిని కొలిచే, మంత్రాల తంతులుండే ఒక కొత్తకాలపు మతంలే. ఇంట్లో అయితే పౌర్ణమికి కొవ్వొత్తి, ఉప్పు, నీళ్ళు పెట్టుకుని కూర్చుంటా (మా అమ్మ మొదట్లో చేతబడి అనుకునింది, అది వేరే కథలే). ఊరు దాటితే మాత్రం అంతా గోవిందా. ఒకసారి లాడ్జిలో బిర్యానీ ఆకు మీద కోరిక రాసి కాలిస్తే పొగకి అలారం మోగి మేనేజరు పరిగెత్తుకుంటా వచ్చినాడు, ఏం చెప్పాలో తెలీక బిర్యానీ అనేసినా. రైల్లో నిప్పు మాటే ఎత్తకూడదు.

ఇప్పుడు అమ్మ పాత కుంకుమ భరిణెలో చిటికెడు రాళ్ళుప్పు, స్వర్ణముఖిలో ఏరిన గులకరాయి, దీపావళికి కొన్న బ్యాటరీ దీపం, అంతే. పౌర్ణమి 29న్నర రోజులకోసారి కదా, క్యాలెండర్లో ముందే చుట్టేసుకుంటా. ఆకు మీద రాసేది మాత్రం మానలా, పర్సులో దాచుకొచ్చి మా మిద్దె మీద కాలుస్తా.