పొత్తు కుదిరింది, మరి పని నేర్చుకునేదెలా?

మరో కంపెనీతో కలిసి టెక్నాలజీ నేర్చుకోబోతున్నారా? ఒప్పందంలో డ్రాయింగుల జాబితాకన్నా ముందు మనుషుల జాబితా రాయించండి. ఎవరు వెళ్తారు, ఎన్ని నెలలుంటారు, తిరిగొచ్చాక ఏ పనిలో కూర్చుంటారు అన్నది సంతకాలకు ముందే తేలాలి.

నేనిలా పట్టుబట్టడానికి కారణం మా షాఫ్టుల గ్రైండింగు, అంటే షాఫ్టుల్ని తిరిగే చక్రంతో అరగదీసి కొలతకు తెచ్చే పని. భాగస్వామి పంపిన డ్రాయింగులున్నాయి, ప్రాసెస్ షీట్లున్నాయి, మెషిన్ కూడా అదే మోడల్. అయినా పొద్దుటి షిఫ్టులో మొదటి ముక్కలు కొలతకు వచ్చేవి కావు. మధ్యాహ్నానికి వాటంతటవే సర్దుకునేవి. నెల రోజులు చక్రాన్ని అనుమానించాం, ముడిసరుకును అనుమానించాం. చివరికి నన్ను వాళ్ల షాపు ఫ్లోరుకు పంపారు. రెండో రోజే విషయం కనిపించింది. అక్కడి ఆపరేటరు వస్తూనే ముక్క ఎక్కించకుండా స్పిండిల్‌ను (చక్రాన్ని తిప్పే ఇరుసును) అరగంట ఖాళీగా తిప్పుతాడు. స్పిండిల్ ఉండే హెడ్ మీద అరచెయ్యి ఆనించి చూసి, వేడి నిలకడకొచ్చిందనుకున్నాకే పని మొదలుపెడతాడు. వేడెక్కేకొద్దీ స్పిండిల్ మైక్రాన్లలో సాగుతుంది, మా కొలత తప్పుతున్నది అక్కడే. షీటులో ఎందుకు రాయలేదని అడిగితే, "ఇది కూడా రాయాలా?" అని ఆశ్చర్యపోయాడు. ఆయన దాచిందేమీ లేదు. చేతికి అలవాటైన పని కాగితం మీదికి ఎక్కలేదు, అంతే.

అందుకే ఆ పనితో ఇప్పటికే కుస్తీ పడుతున్నవాళ్లనే పంపండి. బయటి జ్ఞానాన్ని ఒంటబట్టించుకునే శక్తి కంపెనీకి ముందే ఉన్న జ్ఞానాన్ని బట్టి ఉంటుందని మేనేజ్‌మెంట్ పరిశోధకులు కోహెన్, లెవింతాల్ 1990లో రాశారు. పొద్దుటి ముక్కలతో విసిగి ఉండకపోతే ఆ అరగంట నా కంటపడేది కాదు. వెళ్లినవాళ్లు ప్రశ్నలడిగే ముందు ఒక షిఫ్టు పూర్తిగా నిలబడి చూడాలి. రోజూ సాయంత్రం "షీటులో లేనిది ఏం చూశాను?" అన్నదానికి జవాబు రాసుకోవాలి.

తిరిగొచ్చాక ఏం చేయాలన్నది ఇంకా ముఖ్యం. జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ప్లాంటును టయోటాతో కలిసి 1984లో నుమ్మీ పేరుతో తెరిచింది. కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియన్ కూడా పాతదే, కానీ నాణ్యత ఎంతో పెరిగింది. తేడా వస్తే తాడు లాగి లైను ఆపే అధికారం కార్మికుడికి దక్కింది. ఆ పద్ధతులు జనరల్ మోటార్స్ మిగతా ప్లాంట్లకు పాకడానికి మాత్రం ఏళ్లు పట్టింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరుగా తలో చోటికి వెళ్లారు. ఒక్క మనిషి పాత ప్లాంటు అలవాట్లను మార్చగలడా? టయోటా అయితే అమెరికా కార్మికులతో, సరఫరాదారులతో పనిచేయడం నుమ్మీలోనే నేర్చుకుని, 1988లో కెంటకీలో సొంతంగా కార్ల తయారీ మొదలుపెట్టింది. కాబట్టి ముగ్గురు నలుగురిని జట్టుగా పంపండి, జట్టుగానే ఒకే లైను మీద పెట్టండి.

ఏది పంచుకోకూడదో కూడా ముందే గీత గీయాలి. జనరల్ ఎలక్ట్రిక్, ఫ్రాన్సుకు చెందిన స్నెక్మా 1974లో సీఎఫ్ఎం ఇంటర్నేషనల్ పెట్టినప్పుడు విమాన ఇంజిన్‌ను భాగాలుగా పంచుకున్నాయి. సైనిక ఇంజిన్ నుంచి వచ్చిన కోర్ (ఇంజిన్ గుండెకాయలాంటి నడిమి భాగం) అమెరికన్లది, ముందు ఫ్యాను, అల్పపీడన టర్బైన్ ఫ్రెంచివాళ్లవి. కోర్ లోపలి రహస్యం బయటపడకుండానే సీఎఫ్ఎం56 అనే ఆ ఇంజిన్ తయారైంది. మీ పనిలోనూ అలాంటి కోర్ ఏదో గుర్తించండి. దాన్ని తయారుచేసిన ముక్కగా ఇవ్వండి, తయారీ పద్ధతి మాత్రం ఇవ్వొద్దు. మిగతాది ధారాళంగా చూపించండి. అన్నీ మూసిపెట్టుకుంటే అవతలివాళ్లూ తలుపులు మూస్తారు.

పేటెంట్లు, రాయల్టీలు లాయర్లు చూసుకుంటారు. మీరు దగ్గరుండి రాయించాల్సిన షరతు మరొకటుంది: కలిసి పనిచేస్తుండగా పుట్టిన మెరుగుదలను పొత్తు విడిపోయాక కూడా ఇద్దరూ వాడుకోవచ్చా? సంబంధాలు బాగున్న మొదటి నెలలోనే దీన్ని అడగండి.