ఇంధనాల జమాఖర్చు – మూడో పాఠం: మిల్లు ఊక

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి జవాబుతో మొదలుపెడదాం. పొయ్యి దాకా చేరి మండిన ప్రతి కిలో సహజవాయువుకు బావి దగ్గరో, గొట్టం అతుకుల దగ్గరో 30 గ్రాములు కారిపోతే, బొగ్గు కంటే గ్యాసు మేలన్న మాట నిలుస్తుందా అన్నది ప్రశ్న. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేనే. ఒక కిలో మీథేన్ పూర్తిగా మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. అంత వేడినే బొగ్గు నుంచి తీస్తే సుమారు 4.75 కిలోలు వస్తుంది. మండకుండా గాలిలో కలిసిన మీథేన్‌ను 20 ఏళ్ల గడువుతో చూస్తే, అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అంటే కారిన 30 గ్రాములు 2.4 కిలోలకు సమానం. రెండూ కలిపితే 5.15 కిలోలు, బొగ్గు కంటే ఎక్కువే. అదే లెక్కను 100 ఏళ్ల గడువుతో కడితే మీథేన్ ప్రభావం సుమారు 28 రెట్లే కాబట్టి మొత్తం 3.6 కిలోల దగ్గర ఆగుతుంది, గ్యాసే గెలుస్తుంది. (బొగ్గు గనుల నుంచి వెలువడే మీథేన్‌ను ఈ లెక్కలో వదిలేశాం.) రెండు జవాబులూ సరైనవే. గడువు ఎంతో రాయని లెక్క మీ ముందుకు వస్తే మాత్రం దానిని వెనక్కి పంపండి.

అంకెల్లోకి ఎక్కని ఖర్చును మాటల్లో రాయాలని కూడా ఆ పాఠంలో చెప్పుకున్నాం. 1995 జనవరిలో కోనసీమలోని పాసర్లపూడి గ్యాసు బావిలో ఎగిసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్‌లో అదే కోనసీమలో నగరం అనే గ్రామంలో గ్యాసు గొట్టం పేలి మనుషులు చనిపోయారు. వీటిని కిలో కేలరీల కిందకు మార్చే ప్రయత్నం చేయవద్దు. చిట్టా అంచున మాటల్లోనే ఉండనివ్వండి.

ఈ పాఠంలో భూమి లోపలి ఇంధనాలను వదిలి, గోదావరి డెల్టాలో ఏ మిల్లు వెనక చూసినా గుట్టగా కనిపించే ఊకను తీసుకుందాం. చిట్టాలో నాలుగు గడులు గీసుకోండి. మొదటి దానిలో సరుకులో ఉన్న వేడి, రెండో దానిలో పని జరిగేలోగా పోయిన వేడి, మూడో దానిలో చివరికి మిగిలిన చెత్త రాయాలి. నాలుగో గడిలో, మనం ఈ సరుకును తీసుకోకముందు అది ఎవరికి పనికి వచ్చేదో రాయాలి. చాలామంది మొదటి గడి నింపి కలం మూసేస్తారు. ఈ పాఠం ప్రధానంగా నాలుగో గడి కోసమే, అయినా వరుసలోనే వెళదాం.

దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఎకరానికి 75 కిలోల బస్తాలు 40 పండాయనుకుందాం; అది 3,000 కిలోల ధాన్యం. ధాన్యం బరువులో సుమారు ఐదో వంతు ఊక కాబట్టి మిల్లులో 600 కిలోలు తేలుతుంది. పొడి ఊక కిలోకు 3,200 కిలో కేలరీలు ఇస్తుందని తీసుకుంటే ఎకరం ఊకలో 19 లక్షల 20 వేల కిలో కేలరీలు ఉంటాయి. వంటింటి గ్యాసు కిలోకు సుమారు 11,000 ఇస్తుంది కనుక, 14.2 కిలోల సిలిండర్లు పన్నెండింటిలో ఉన్నంత వేడి ఇది. అంకె చూడగానే ఆశ కలుగుతుంది, అందుకే రెండో గడికి వెళ్లేముందు సరుకును చేత్తో పరీక్షించడం నేర్చుకోవాలి.

వంటింటి ఎలక్ట్రానిక్ కాటా ఉంటే చాలు. 100 గ్రాముల ఊకను వెడల్పాటి ఇనుప మూకుడులో పోసి, సన్నని సెగ మీద, రంగు మారకుండా కలుపుతూ ఆరబెట్టండి. మధ్యమధ్యలో తూచి, వరుసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చినప్పుడు ఆపండి. తగ్గిన గ్రాములే నూటికి ఇంత అన్న తేమ. షెడ్డులో నిలవ చేసిన ఊకలో ఇది పదికి అటూ ఇటూగా ఉంటుంది; పైన కిలోకు 3,200 అని తీసుకున్నది ఇలాంటి ఊకకే. వానలో తడిసిన గుట్టలోంచి తీసిన ఊకలో 25 వచ్చిందనుకోండి, అప్పుడు మండే పదార్థమే తగ్గిపోతుంది, ఉన్న వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది, కిలోకు 3,200 కాస్తా 2,580 దగ్గరకు దిగుతుంది. అంటే తడిసిన ఊకను తూకానికి కొన్నవాడు ఐదో వంతు వేడిని పోగొట్టుకున్నట్టే.

రెండో పరీక్ష బూడిదది. ఆరిన ఊకను ఆరుబయట పాత మట్టి మూకుడులో, ముక్కుకు గుడ్డ కట్టుకుని కాల్చండి. మొదట వచ్చే బూడిద నల్లగా ఉంటుంది, గింజ పొట్టు ఆకారం కూడా చెడదు. దానిని తూచి పక్కన రాసుకుని, తిరగేస్తూ మళ్లీ ఎర్రగా కాలనివ్వండి. బూడిద రంగు తెల్లబడేకొద్దీ కాటా మీద అంకె తగ్గుతుంది. చివరకు 100కు 18, 20 గ్రాముల దగ్గర నిలుస్తుంది. నల్లగా ఉన్నప్పటి బరువుకూ ఇప్పటి బరువుకూ ఉన్న తేడా కాలకుండా మిగిలిన బొగ్గు. ఇది నేర్చుకున్నాక ఏ మిల్లు బాయిలర్ బూడిదనైనా చిటికెడు చూసి, లోపల ఇంధనం సరిగా కాలుతోందో లేదో చెప్పగలరు. గాలి వాలున ఉన్న ఇళ్ల అరుగుల మీద, ఆరేసిన బట్టల మీద నల్లని నుసి రాలుతోందంటే, ఆ మిల్లు తాను డబ్బు పెట్టి కొన్న ఇంధనాన్ని ఊరి మీద చల్లుతోందని అర్థం.

ఇప్పుడు రెండో గడి. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక బాయిలర్‌లో మండి ఆవిరి అవుతుంది, ఆ ఆవిరి నేరుగా ధాన్యాన్ని ఉడికిస్తుంది, ఆరబెడుతుంది. వేడిని వేడిగానే వాడటం వల్ల నష్టం తక్కువ. అదే ఊకతో కరెంటు తీయాలంటే కథ మారుతుంది. చిన్న ప్లాంటులో వేడిలో ఐదో వంతు మాత్రమే కరెంటుగా బయటికి వస్తుందనుకుంటే, కిలో ఊకకు 0.74 యూనిట్లు, అంటే ఒక యూనిట్‌కు సుమారు 1.35 కిలోల ఊక కావాలి. ఆరు మెగావాట్ల ప్లాంటు రోజంతా నడిస్తే దాదాపు 194 టన్నులు మింగుతుంది. మన ఎకరం లెక్క ప్రకారం అది రోజుకు 320 ఎకరాలకు పైగా పండిన ధాన్యపు ఊక. ఏడాదిలో 300 రోజులు నడిస్తే 97 వేల ఎకరాల ఒక పంట.

ఇక్కడ లారీలను తిట్టడం అలవాటు. ఊక తేలిక, నాలుగు టన్నులకే లారీ నిండిపోతుంది, కాబట్టి ఇంధనమంతా రవాణాకే పోతుందని చాలామంది అనుకుంటారు. లెక్క కట్టి చూడండి. రానూపోనూ 100 కిలోమీటర్లకు 25 లీటర్ల డీజిల్ అంటే సుమారు 2 లక్షల 15 వేల కిలో కేలరీలు. లోపలున్న నాలుగు టన్నుల ఊకలో 128 లక్షలు ఉన్నాయి. నూటికి రెండు పాళ్లు కూడా కాదు. కిరాయి భారం కావచ్చు, రోడ్డు దుమ్ము నిజం కావచ్చు, కానీ వేడి లెక్కలో దోషి లారీ కాదు.

మూడో గడిలో పైన చెప్పిన ప్లాంటుకు రోజూ 35 టన్నుల బూడిద రాయాలి. అందులో ఎక్కువ భాగం సిలికా. మరీ ఎక్కువ వేడి తగలకుండా కాలిన బూడిద సిమెంటులో కలపడానికి పనికి వస్తుంది. సుమారు 700, 800 డిగ్రీలు దాటితే సిలికా స్ఫటికంగా మారడం మొదలవుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కొనేవాడు లేని బూడిద కాలువ గట్టునో, రోడ్డు వారనో చేరుతుంది కాబట్టి, ఎక్కడికి వెళుతుందో కూడా ఈ గడిలోనే రాయండి.

ఇక నాలుగో గడి. మిల్లు వెనక గుట్టను చూసి ఎవరికీ అక్కరలేని సరుకు అనుకోవద్దు. కొంత ఇటుక బట్టీలకు, కొంత కోడిపిల్లల షెడ్లలో కింద పరచడానికి వెళుతుంది. ఒకప్పుడు ఇళ్లలో ఊకపొయ్యి కూడా ఉండేది. వీటిలో బట్టీని తీసుకుందాం. ప్లాంటు మంచి ధర ఇచ్చి ఊకంతా కొనేసింది, బట్టీ యజమాని బొగ్గుకు మారాడు. ప్లాంటు ఇచ్చిన ఒక యూనిట్ కరెంటు వల్ల బొగ్గు కరెంటు ఒక యూనిట్ తగ్గిందని, దానితో సుమారు 0.95 కిలోల కార్బన్ డయాక్సైడు ఆగిందని జమ రాద్దాం. ఇప్పుడు ఖర్చు: ఆ యూనిట్ కోసం బట్టీ నుంచి తీసుకున్న 1.35 కిలోల ఊకకు బదులు అంతే వేడినిచ్చే బొగ్గు బట్టీలో కాలితే సుమారు 1.7 కిలోలు గాలిలోకి వెళుతుంది. బట్టీలో ఊక వేడి, బొగ్గు వేడి ఒకే పని చేస్తాయని తీసుకున్నాం. అది కొంత అటూ ఇటూ అయినా తేడా తిరగబడదు. పునరుత్పాదక ఇంధనమన్న పేరుతో జరిగిన పని వల్ల మొత్తం కాలుష్యం పెరిగింది.

కారణం రెండో గడిలోనే ఉంది. పెద్ద బొగ్గు ప్లాంటు తన వేడిలో మూడో వంతుకు పైగా కరెంటు చేస్తుంది, చిన్న ఊక ప్లాంటు ఐదో వంతే చేస్తుంది. వేడిగా వాడుకుంటున్న చోటి నుంచి ఊకను లాక్కొచ్చి కరెంటు చేస్తే ఆ తేడా అంతా మనం కట్టాలి. అదే ఊక వానకు కుళ్లుతూనో, పొలం గట్టున ఊరికే తగలబడుతూనో ఉంటే నాలుగో గడి దాదాపు ఖాళీ, 0.95 కిలోల జమ మొత్తం నిలుస్తుంది. ప్లాంటు ఒకటే, యంత్రం ఒకటే, ఊక ఎక్కడి నుంచి వచ్చిందన్నదే జవాబును మారుస్తోంది. నన్నడిగితే, ఏ కొత్త ప్లాంటు గురించైనా గ్రామసభలో మొదట అడగవలసింది మెగావాట్లు ఎన్ని అని కాదు, ఈ సంవత్సరం ఆ సరుకు ఎవరు కొంటున్నారని.

అభ్యాసం: మీ ఊరి గడ్డికి ఇదే చిట్టా రాయండి. ఎకరానికి ధాన్యమంత బరువు గడ్డి వస్తుందని, వేడి ఊకకు దగ్గరగానే ఉంటుందని తీసుకోండి. ఈసారి నాలుగో గడితో మొదలుపెట్టండి: కోత మిషన్ వెళ్లిన పొలంలో గడ్డిని చుట్టలు కట్టి పశువులకు తీసుకెళ్లేవారు ఎందరు, పుట్టగొడుగుల పెంపకానికి కొనేవారు ఉన్నారా, అగ్గిపుల్ల గీసేవారు ఎందరు, దుక్కిలో కలిపేవారు ఎందరు అని కనీసం పది మంది రైతులను అడిగి, నాలుగు రకాలకూ విడివిడిగా జమాఖర్చు వేయండి. వచ్చే పాఠంలో పేడ గ్యాసు చూస్తాం. రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే గుంతకు రోజూ సుమారు 50 కిలోల పేడ కావాలి కనుక, మీ వీధిలో కొట్టంలో కట్టే గొడ్లు ఎన్ని, ఆ పేడ ఇప్పుడు ఏ పొలానికి వెళుతోందో కూడా అదే కాగితం వెనక రాసి ఉంచుకోండి.