ఫోన్‌లో పెద్దవాళ్ల వ్యాయామం – 3వ పాఠం: కుర్చీలోంచి లేవడం

పోయిన పాఠంలో వీడియో కాల్‌కి వేళ కుదుర్చుకున్నాం, ఫోన్ స్టాండ్ సంగతి చూశాం. ఈసారి అమ్మానాన్నల చేత ఒక్కటే వ్యాయామం చేయిద్దాం: చేతులు ఊనకుండా కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం.

ఇంతేనా అనుకోకండి. కమోడ్ మీంచి లేవాలన్నా, ఆటో దిగాలన్నా పని చేసేది ఈ తొడ కండలే. రోజూ పార్కులో నాలుగు రౌండ్లు వేసే నాన్న కూడా సోఫాలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఊనుతుంటారు, గమనించండి. నడక మంచిదే గానీ ఈ లోటు తీర్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో 65 దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చెప్పి, దాంతోపాటు కండబలానికి కనీసం 2 రోజులు, తూలకుండా నిలదొక్కుకునే వ్యాయామాలకి 3 రోజులు విడిగా చెప్పింది అందుకే.

ముందు కుర్చీ. సీటు ఎత్తు 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు ఉంటే సరిగ్గా సరిపోతుంది. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది కాబట్టి ఏ కుర్చీ అయినా వెనక గోడకి ఆనించాల్సిందే. కాళ్లకి సాక్సులు వద్దు. చీర కుచ్చిళ్లు, పంచె అంచు పాదాల కింద పడకుండా పైకి దోపుకోమనండి.

ఫోన్ ఎదురుగా కాదు, పక్కన పెట్టించండి. ఎదురుగా ఉంటే ముఖం బాగా కనిపిస్తుంది, నడుం ఎంత వంగిందో, పాదాలు ఎక్కడున్నాయో తెలియదు. మనకి ముఖం కంటే మోకాలు ముఖ్యం.

సీటు ముందు అంచుకి జరిగి కూర్చోవాలి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి, రెండింటి మధ్యా జానెడు ఎడం. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి లేవాలి. పూర్తిగా నిలబడి ఒక క్షణం ఆగాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి గబుక్కున లేస్తే కళ్లు తిరగొచ్చు. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెట్టేంత నిదానంగా దిగాలి. చాలామంది లేవడం బాగానే లేస్తారు, కూర్చోవడం మాత్రం దబ్బున కూలబడతారు. బలం పెరిగేది ఆ నిదానంలోనే కాబట్టి మీ కళ్లు అక్కడే ఉంచండి.

లెక్క మీరు పెట్టకండి. నెట్ నెమ్మదిస్తే మీరు "రెండు" అనేది వాళ్లకి మూడోసారి లేచేటప్పుడు వినిపిస్తుంది. వాళ్లనే పైకి లెక్కపెట్టమనండి. అలాగైతే ఊపిరి బిగబట్టరు. గొంతు వింటుంటే ఆయాసం ఎంతుందో మీకూ తెలిసిపోతుంది. మాట వస్తూ పాట రాకపోతే శ్రమ సరిపోయినట్టే. మాట కూడా తెగిపోతుంటే ఆపించండి. ఈ కారణంగానే యూట్యూబ్ లింకు పంపేసి ఊరుకోవద్దంటాను. ఆ వీడియోలో చేయించేవాళ్లకి మీ అమ్మ కనిపించదు.

మొదటి రోజు ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు పరగడుపున చేయకూడదు. మోకాలికో తుంటికో ఈమధ్య ఆపరేషన్ అయితే డాక్టరుని అడిగాకే మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా అక్కడితో ఆపేసి, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

ఒకసారి కొలత కూడా తీయండి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టాలి, చేయి ఊనితే సున్నా. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే పట్టిక ప్రకారం 65–69 ఏళ్ల ఆడవాళ్లు 11 కంటే, మగవాళ్లు 12 కంటే తక్కువ లేస్తే సగటుకి దిగువన ఉన్నట్టు. 70–74లో అవి 10, 12. అంకె తక్కువొచ్చిందని వాళ్ల ముందు ముఖం చిన్నబుచ్చుకోకండి, తేదీతో రాసిపెట్టుకోండి. నెలకి మళ్లీ కొలుద్దాం.

అమెరికా తూర్పు తీరంలో ఉన్నవాళ్లకి ఒక మాట: ఇక్కడ ఇండియాలో ఉదయం 6.30 అంటే మీకు వేసవిలో ముందురోజు రాత్రి 9, చలికాలంలో 8. మీ గడియారం మారినా వాళ్ల వేళ మార్చకండి, కాఫీ, పూజ, పాలవాడు అన్నీ దాని చుట్టూనే కుదురుకుని ఉంటాయి.

ఈ వారం అభ్యాసం: అయిదేసి చొప్పున రెండు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. రోజు విడిచి రోజు, మొత్తం మూడు రోజులు. చేతులు ఊనకుండా అసలు లేవలేకపోతే సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. వచ్చే పాఠంలో వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తిద్దాం. వంటింట్లో ఫోన్ ఎక్కడ పెడితే పాదాలు కనిపిస్తాయో ఈలోగా చూసి ఉంచండి.