సమన్లు నిజంగానే అందాయా? బంట్రోతు రిటర్న్ చదివే పద్ధతి, తేడా వస్తే అడిగే దారి

దావా వేసిన కొత్తలో వాదికి వాయిదా వాయిదాకూ వినిపించేవి రెండే మాటలు: "సమన్లు తిరిగి రాలేదు", "ప్రతివాది ఇంట్లో లేడు". ప్రతివాది బాధ ఇంకో రకం. ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది హాజరు కాకుండానే ఇచ్చిన తీర్పు) అయిపోయి, అమలు పిటిషన్ నోటీసు చేతికొచ్చాక గాని అసలు దావా ఉందనే తెలియదు. రెండు బాధలూ ఒక్క కాగితం దగ్గరే పుడతాయి. ప్రాసెస్ సర్వర్, ఊళ్లో అనేదైతే కోర్టు బంట్రోతు, సమన్లు ఇచ్చొచ్చాక కోర్టుకు రాసిచ్చే రిపోర్టు అది. కోర్టుల్లో దాన్ని రిటర్న్ అంటారు. ఆయన మీద ఎన్ని కళ్లున్నా, ఆ కళ్లన్నీ చూసేది ఈ రాతనే.

ఆయన పైన ఎవరు

మన దగ్గర సమన్లు అందించేవాళ్లకు లైసెన్సులిచ్చే కమిషన్ ఏదీ లేదు. ప్రాసెస్ సర్వర్ జిల్లా కోర్టు ఉద్యోగి. రోజూ పని పంచేది, తిరిగొచ్చిన సమన్లు లెక్క చూసుకునేది నాజర్, ఆయన సెక్షన్ నజారత్. సమన్లు పంపిన జడ్జి ఆ రిటర్న్‌ను ఒప్పుకోవచ్చు, తిప్పి పంపవచ్చు, బంట్రోతును బోనెక్కించి ప్రమాణం మీద అడగవచ్చు. ఉద్యోగపరమైన చర్య ప్రిన్సిపల్ జిల్లా జడ్జి చేతిలో ఉంటుంది. రాజ్యాంగం 235వ అధికరణం కింద జిల్లా కోర్టులన్నిటి మీదా అదుపు హైకోర్టుది. ఆస్తి జప్తు, స్వాధీనం లాంటి అమలు పనులకు వచ్చే అమీనా వేరు. ఇప్పటి నోటిఫికేషన్లలో ఆ పోస్టును ఫీల్డ్ అసిస్టెంట్ అంటున్నారు. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ ఇద్దరినీ కలపవద్దు.

తెలంగాణలో 2022 జూన్ 2 నుంచి 33 జిల్లాలకూ వేర్వేరు జిల్లా కోర్టులు వచ్చాయి. సూర్యాపేట కోర్టు సమన్ల గురించి నల్గొండలో, గద్వాల సమన్ల గురించి మహబూబ్‌నగర్‌లో అర్జీ పెడితే పని జరగదు. పాత అలవాటు కొద్దీ ఇప్పటికీ చాలామంది అక్కడికే పోతున్నారు.

వాది ముందే చూసుకోవాల్సినవి

సమన్లు పంపమని కోర్టు ఉత్తర్వు ఇచ్చిన 7 రోజుల్లో ప్రతివాదులు ఎంతమందో అన్ని ప్లెయింట్ (దావా అర్జీ) నకళ్లు, ప్రాసెస్ ఫీజు (అందరూ బత్తా అనేది) కట్టాలి. ముగ్గురు ప్రతివాదులుంటే మూడు నకళ్లు. పోస్టులో కూడా పంపమని ఉత్తర్వు ఉంటే ఇంకో మూడు. నకలు లేకుండా వెళ్లిన సమన్ సరైన సమన్ కాదు, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 5 రూల్ 2 చెప్పేది అదే. బత్తా కట్టకపోవడం వల్ల సమన్లు అందకపోతే దావానే కొట్టేయవచ్చు. గుమాస్తాకు డబ్బులిచ్చి ఊరుకోకుండా, కట్టిన తేదీ డాకెట్ (కేసు వాయిదాల రాత) మీద పడిందో లేదో ఇ-కోర్ట్స్ యాప్‌లో కేసు గుర్తింపు నంబరు, అంటే సీఎన్ఆర్ కొట్టి చూసుకోండి. ఆ నంబరు 16 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది.

సమన్లు తిరిగి రావడానికి పెద్ద కారణం అడ్రసు. పాత రిజిస్ట్రేషన్ దస్తావేజులో "నల్గొండ జిల్లా" అని ఉంటే దాన్నే ప్లెయింట్‌లోకి ఎక్కిస్తారు. ఆ ఊరు 2016 అక్టోబరులో సూర్యాపేటకో, యాదాద్రి భువనగిరికో పోయి ఉంటుంది, మండలం కూడా మారి ఉండవచ్చు. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు నలుగురైదుగురు దొరుకుతారు. అక్కడ తండ్రి పేరు, వయసు, తండా పేరు, అది ఏ గ్రామ పంచాయతీ కిందికి వస్తుంది, ఇంటి నంబరు, దగ్గరలో గుడో బోరింగో ఏదో ఒక గుర్తు రాయాలి. ఫోన్ నంబరు తెలిస్తే అదీ ఇవ్వండి. పంచాయతీ కారోబార్ దగ్గర ఇంటి పన్ను రిజిస్టర్లో పేరు సరిచూసుకుంటే ఒక పూట పని. చూసుకోకపోతే ఆరు నెలలు పోవచ్చు.

ప్రతివాది పుణెకో ముంబైకో వలస పోయినట్టు తెలిసే ఊరి అడ్రసు ఇవ్వడం ఇంకో తప్పు. పాలమూరు వైపు ఇది మామూలే. తాళం ఉన్న ఇంటికి సమన్లు పోతాయి, తాళం ఉందని తిరిగొస్తాయి. అక్కడి అడ్రసు దొరికితే ఆర్డర్ 5 రూల్ 21 కింద ఆ ప్రాంతపు కోర్టు ద్వారా పంపించండి. రాయచూరు వైపున్న ప్రతివాదులకూ ఇదే దారి.

ఇంటి దగ్గర ఆయన ఏం చేయాలి

మొదట ప్రతివాది చేతికే ఇవ్వాలి, సంతకం తీసుకోవాలి. ప్రతివాది లేకపోతే, త్వరలో దొరికే అవకాశమూ లేకపోతే, అదే ఇంట్లో ఉండే కుటుంబంలోని పెద్దవాళ్లకు ఇవ్వవచ్చు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా పర్వాలేదు. పనిమనిషి, పాలేరు కుటుంబ సభ్యులు కారు. పెళ్లై వేరే ఊళ్లో ఉంటూ చూడడానికొచ్చిన కూతురికి ఇచ్చినా చెల్లదు, ఎందుకంటే ఆమె అతనితో కాపురం ఉండడం లేదు. తీసుకోవడానికి ఎవరూ లేకపోయినా, ఉండీ సంతకం పెట్టనన్నా, సమన్ నకలును ఇంటి బయటి తలుపుకో అందరికీ కనబడే చోటో అతికించాలి. ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అతికించారో వాళ్ల పేర్లు, అడ్రసులు రాయాలి. ఇది ఆర్డర్ 5 రూల్ 17.

ప్రతివాది ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆఫీసు అధిపతి ద్వారా, సైన్యంలో ఉంటే కమాండింగ్ అధికారి ద్వారా, జైల్లో ఉంటే జైలు అధికారి ద్వారా పంపవచ్చు.

రిటర్న్ చదవడం

నకలు దరఖాస్తు పెట్టి రిటర్న్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. వకీలు చెప్పిన ఒక్క ముక్క మీద ఆధారపడవద్దు. చదివేటప్పుడు వరుసగా చూడాల్సినవి:

తేదీ, గంట ఉన్నాయా? ఒకే తేదీన ఒకే బంట్రోతు మిర్యాలగూడ వైపు నాలుగు ఊళ్లు, దేవరకొండ వైపు మూడు తండాలు తిరిగినట్టు రాస్తే అనుమానించాల్సిందే.

ఎన్నిసార్లు వెళ్లారు? "ఇల్లు తాళం వేసి ఉంది" అని ఒక్కసారి వెళ్లి రాసేస్తే రూల్ 17 అడిగే తగినంత శ్రద్ధ చూపినట్టు కాదు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున 11 గంటలకు ఏ ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టినా తాళమే ఉంటుంది. సాయంత్రం వెళ్లారా, పక్కింటివాళ్లను అడిగారా, ఎప్పుడొస్తారని తెలుసుకున్నారా అనేది రిటర్న్‌లో కనబడాలి.

"తీసుకోవడానికి నిరాకరించారు" అని రాసి ఆగిపోయారా? ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పోస్ట్‌మన్ గాని, కోర్టు ఒప్పుకున్న కొరియర్ గాని "రెఫ్యూజ్డ్" అని రాసి తిప్పి పంపితే ఆ రాత చాలు, రూల్ 9 ప్రకారం అందినట్టే కోర్టు తేలుస్తుంది. బంట్రోతు చేతి మీదుగా వెళ్తే అలా కాదు. నిరాకరించాక అతికించాలి, సాక్షి పేరు రాయాలి. ఈ రెండో మెట్టు లేకపోతే రిటర్న్ బలహీనం.

సాక్షి ఎవరు? పేరు మాత్రమే ఉండి తండ్రి పేరు, అడ్రసు లేకపోతే ఆ మనిషిని తర్వాత ఎవరూ పట్టుకోలేరు. వాది బావమరిదే ఇల్లు చూపించి తానే సాక్షి సంతకం పెట్టడం ఇంకా చెడ్డది. వాది మనిషి దారి చూపించడం తప్పేమీ కాదు గాని, సాక్షిగా కారోబార్‌నో, వార్డు సభ్యుణ్నో, పక్కింటివాణ్నో పెడితే రేపు రిటర్న్ నిలబడుతుంది. బంట్రోతును బండి ఎక్కించుకుని ఊరంతా తిప్పితే అవతలి వకీలుకు మనమే మాట అందించినట్టు.

ప్రమాణ పత్రం జత చేశారా? అతికించిన రిటర్న్‌కు ప్రమాణ పత్రం లేకపోతే బంట్రోతును కోర్టు ప్రమాణం మీద విచారించి తీరాలి. ఉంటే, అవసరమనుకున్నప్పుడు విచారించవచ్చు. రూల్ 19 ఇచ్చిన ఈ అధికారం పుస్తకాల్లో ఉన్నంతగా కోర్టు హాల్లో కనబడదు. అడిగేవాళ్లు తక్కువ.

ఎన్‌స్టెప్ యాప్ వాడే కోర్టులో బంట్రోతు ఫోన్లోంచే జీపీఎస్ గుర్తు, ఫొటో ఎక్కుతాయి. ఇంటికి వెళ్లలేదని మీకు గట్టి అనుమానం ఉంటే ఆ రికార్డు తెప్పించమని పిటిషన్ వేయండి. పోస్టులో పంపినదైతే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. పోస్టాఫీసు వెబ్‌సైట్లో ఆ వివరాలు ఎల్లకాలం ఉండవు.

రిటర్న్ బాగోలేదు, ఇప్పుడేం చేయాలి

వాది అయితే, అందలేదని రిటర్న్ వచ్చిన 7 రోజుల్లో కొత్త సమన్లకు దరఖాస్తు పెట్టాలి. ఆర్డర్ 9 రూల్ 5 కింద ఆ గడువు దాటితే, ప్రతివాది దొరకలేదనో తప్పించుకు తిరుగుతున్నాడనో కోర్టును ఒప్పించలేకపోతే, దావా పోవచ్చు. అవతలి మనిషి దాక్కుంటున్నాడని చూపగలిగితే ఆర్డర్ 5 రూల్ 20 కింద పత్రికా ప్రకటనకు ఐ.ఏ. (దావాలో వేసే మధ్యంతర దరఖాస్తు) వేయండి. తిరిగొచ్చిన రిటర్న్‌లు, పోస్టు కవరు, ఆయన కోసం వెతికిన వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి. ప్రకటన వేయాల్సిన పత్రిక, ప్రతివాది చివరిసారి తనంతట తాను నివాసమున్న ప్రాంతంలో చదివే దినపత్రిక అయి ఉండాలి. పుణెలో ఉన్న మనిషికి మహబూబ్‌నగర్ ఎడిషన్‌లో ప్రకటన వేయించి చేతులు దులుపుకుంటే, డిక్రీ వచ్చాక అదే మెడకు చుట్టుకుంటుంది.

ప్రతివాది అయితే, సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కోర్టు కారణం రాసి దాన్ని 90 రోజుల దాకా పెంచవచ్చు. వాణిజ్య దావాల్లో 120 రోజులు, అక్కడ అదే ఆఖరి గీత. అందుకే సమన్ చేతికొచ్చిన తేదీని కాగితం మీదే పెన్నుతో రాసుకోండి. ఎక్స్‌పార్టీగా పెట్టారని తెలిసి, డిక్రీ ఇంకా కాకపోతే ఆర్డర్ 9 రూల్ 7. డిక్రీ అయిపోతే రూల్ 13. రూల్ 13 కింద గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులూ డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. పత్రికా ప్రకటనతో మాత్రమే జరిగిన సర్వీసును (సమన్లు అందించడాన్ని) గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 123వ అధికరణం ఈ లెక్కకు సరైన సర్వీసుగా ఒప్పుకోదు. వలస పోయినవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఐతే ఎప్పుడు, ఎలా తెలిసిందో రుజువు చూపాలి: అమలు నోటీసు అందిన తేదీ, నకలు దరఖాస్తు పెట్టిన తేదీ, ఆ రోజుల్లో పనిచేసిన చోటి హాజరు పట్టీ.

ఒక హెచ్చరిక. సర్వీసులో చిన్న లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ రద్దు కాదు. వాయిదా తేదీ మీకు తెలుసని, వచ్చేంత టైమ్ ఉందని కోర్టు నమ్మితే పిటిషన్ కొట్టేస్తుంది. కాబట్టి "సాక్షి సంతకం లేదు" అని ఒక్క పాయింటు మీద కూర్చోకుండా, బంట్రోతును సాక్షిగా పిలిపించి క్రాస్ చేయించండి. ఇంటి రంగు, గేటు ఏ దిక్కున ఉంది, ఎవరు దారి చూపించారు లాంటి మామూలు ప్రశ్నలకే అబద్ధపు రిటర్న్ బయటపడుతుంది.

ఫిర్యాదు

దావాలో ఊరటకు ఒక దారి, ఉద్యోగి మీద చర్యకు ఇంకో దారి. ఫిర్యాదు పెట్టినంత మాత్రాన డిక్రీ ఆగదు, రూల్ 13 పిటిషన్ విడిగా వేయాల్సిందే. ఫిర్యాదు ముందు ఆ కోర్టు జడ్జికి, తర్వాత ప్రిన్సిపల్ జిల్లా జడ్జికి, అక్కడా కదలకపోతే హైకోర్టు రిజిస్ట్రార్ విజిలెన్స్‌కు. దావా నంబరు, సమన్ తేదీ, రిటర్న్ సర్టిఫైడ్ కాపీ, ఆ రోజు మీరు ఎక్కడున్నారో చూపే ఒక కాగితం జత చేయండి. "డబ్బులు తిని రాశాడు" అని రుజువు లేకుండా రాయవద్దు. రిటర్న్‌లోని ఏ వాక్యం ఎందుకు నిజం కాదో రాస్తే చాలు.

బత్తా కట్టాక పెట్రోలు, చాయ్ పేరుతో ఇంకేమీ ఇవ్వాల్సిన పని లేదు. అడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ 1064. బలవంతం మీద ఇచ్చినవాళ్లు 7 రోజుల్లో చెబితే ఇచ్చినందుకు వాళ్ల మీద కేసు ఉండదు.

అమెరికా నుంచి వచ్చే కాగితాలు

పిల్లలు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న ఇళ్లకు ఈ మధ్య విడాకుల కాగితాలు కొరియర్‌లో వస్తున్నాయి. హేగ్ సర్వీసు ఒప్పందం మన దేశానికి 2007 ఆగస్టు నుంచి వర్తిస్తుంది. నేరుగా పోస్టులో పంపడానికి భారత్ అభ్యంతరం పెట్టింది కాబట్టి సరైన దారి ఢిల్లీలోని న్యాయ మంత్రిత్వ శాఖ మీదుగా. అలాగని కొరియర్ కవరును బీరువాలో పడేయవద్దు. ఆ అభ్యంతరాన్ని అక్కడి కోర్టులోనే, అక్కడి వకీలుతో వేయించాలి.

మన పిల్లలకు టెక్సాస్‌లోనే కాగితాలు అందినట్టు చూపిస్తే చూడాల్సింది వేరు. అక్కడ షెరీఫ్, కానిస్టేబుల్‌తో పాటు ప్రైవేటు వ్యక్తులూ కాగితాలు అందిస్తారు. వాళ్లకు సర్టిఫికెట్లిచ్చేది, వాళ్ల మీద ఫిర్యాదులు తీసుకుని సర్టిఫికెట్ ఆపేది, రద్దు చేసేది 2014 సెప్టెంబరు నుంచి జ్యుడీషియల్ బ్రాంచ్ సర్టిఫికేషన్ కమిషన్. సర్టిఫికెట్ ఉన్న సర్వర్ రాసే రిటర్న్ మీద ఆ నంబరు, గడువు తేదీ ఉండాలి. కేసులో పక్షంగా ఉన్నవాళ్లు, ఫలితంతో లాభం ఉన్నవాళ్లు సర్వ్ చేయకూడదు. రిటర్న్ కోర్టు ఫైల్లో 10 రోజులు ఉన్నాకే డీఫాల్ట్ తీర్పు (మన ఎక్స్‌పార్టీ డిక్రీ లాంటిది) ఇవ్వాలి. నంబరు కమిషన్ వెబ్‌సైట్లో సరిచూసి, గడువు తీరిందా, రిటర్న్ ఏ తేదీన ఫైలయింది, తీర్పు ఏ తేదీన వచ్చింది అనేవి ముందు రాసుకుని అప్పుడు వకీలుకు ఫోన్ చేయమనండి.