క్లినికల్ ట్రయల్‌లో ఎలా చేరాలి? సంతకం పెట్టే ముందు చేయాల్సిన పనులు

మందైనా, టీకా అయినా, కొత్త వైద్య పద్ధతైనా మనుషుల మీద పరీక్షించి చూశాకే అందరికీ వస్తుంది. ఆ పరీక్షనే క్లినికల్ ట్రయల్ అంటారు. దానికి ఇష్టపడి వచ్చేవాళ్లు కావాలి. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగువాళ్లు విశాఖకో భువనేశ్వర్‌కో ఇందుకు వెళ్తూనే ఉన్నారు. నేనూ చేరాను, చాలామందికి తోడూ వెళ్లాను. మంచి పని. కానీ దాదాపు అందరూ ఒకే చోట పాడు చేస్తున్నారు: అన్నీ తెలిసి ఒప్పుకుంటున్నామని రాసిచ్చే సమ్మతి పత్రం చదవకుండా సంతకం పెట్టేస్తున్నారు.

తీసుకెళ్లాల్సినవి

ఆధార్, పాత చీటీలు, రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మాత్రల షీట్లు, ఒక నోటు పుస్తకం. నాటు మందు వాడుతుంటే దాని పేరు కూడా రాసుకోండి. అంతే.

ట్రయల్ వెతకడం

వాట్సాప్‌లో "ఇన్ని వేలు ఇస్తారు, రండి" అని వచ్చే మెసేజ్‌ను నమ్మి వెళ్లకండి. ఏజెంటు ద్వారా అసలే వద్దు. మన దేశంలో జరిగే ట్రయళ్ల కోసం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా, అంటే సీటీఆర్ఐ ఉంది. 2007లో మొదలైంది, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడుపుతుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. జబ్బు పేరు కొట్టి వెతికితే ఏ ఊళ్లో ఏ ఆసుపత్రిలో జరుగుతోందో, ఎవరిని చేర్చుకుంటారో, ఎవరిని చేర్చుకోరో, ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ ఉంటాయి. "ఓపెన్ టు రిక్రూట్‌మెంట్", అంటే మనుషుల్ని చేర్చుకుంటున్నారు అని ఉంటేనే ఫోన్ చేయండి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు చేయించాలన్నది నియమం. కాబట్టి సీటీఆర్ఐ నంబరు చెప్పలేని చోటుకు వెళ్లే పనే లేదు.

ట్రయల్ అంటే మందులే కాదు. మహారాష్ట్ర సరిహద్దున గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ 1990లలో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పసిబిడ్డలను ఇంటి దగ్గరే కనిపెట్టుకునేలా చేసింది. 39 ఊళ్లలో ఆ పద్ధతి, 47 ఊళ్లలో మామూలు సేవలు. రెండింటినీ పోల్చి చూస్తే పసికందుల చావులు బాగా తగ్గాయని తేలింది. ఇవాళ బాలింత ఇంటికి ఆశా దీదీ వచ్చి బిడ్డను తూచి చూస్తోందంటే ఆ ఊళ్లవాళ్లు ఒప్పుకోబట్టే. ఇలాంటి వాటిలో చేరడానికి వెనకాడకండి.

స్క్రీనింగ్

మీరు ఆ ట్రయల్‌కు సరిపోతారో లేదో చూడటానికి రక్తం, మూత్రం తీసుకుంటారు, ప్రశ్నలు అడుగుతారు. ఏదీ దాచకండి. బీపీ మాత్ర వేసుకుంటున్నా, తాగే అలవాటున్నా, ఈ మధ్యే ఇంకో ట్రయల్‌లో ఉన్నా చెప్పేయండి. డబ్బు కోసం ఒకదాని వెంట ఒకటి చేరేవాళ్లు ఒంటినీ పాడు చేసుకుంటారు, ఫలితాలనూ పాడు చేస్తారు.

సమ్మతి పత్రం: ఇక్కడ తొందర వద్దు

మొదట భాష. మీకు అర్థమయ్యే భాషలో పత్రం ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. మన వైపు చిక్కేమిటంటే ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది ఒడియా. గుణుపురం నుంచి విశాఖ వెళ్లిన ఒకావిడ తెలుగు మాట్లాడుతోంది కదా అని తెలుగు పత్రం చేతిలో పెట్టారు. ఆవిడకు తెలుగు అక్షరాలు రావు. పేజీలు ఒక్కొక్కటే తిప్పి, చివర గుండ్రటి ఒడియా అక్షరాలతో సంతకం చేసింది. కౌంటర్లో ఎవరికీ అనుమానం రాలేదు. అందుకని ముందే "నేను చదివేది ఒడియా" అనో "తెలుగు" అనో గట్టిగా చెప్పండి. అసలు చదవడం రానివాళ్లైతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరి దాకా పక్కనే ఉండి సంతకం చేయాలి. అక్కడి నర్సో కో-ఆర్డినేటరో సాక్షిగా కూర్చుంటే ఒప్పుకోకండి.

రెండోది, పత్రం ఇంటికి తెచ్చుకోవాలి. ఆసుపత్రిలో చదివేది చదువు కాదు. డాక్టరుగారు ఎదురుగా ఉంటే మనం తల ఊపుతాం, అంతే. రాత్రి అన్నాలయ్యాక ఇంట్లో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. అర్థం కాని చోటల్లా నోటు పుస్తకంలో ప్రశ్న రాయాలి. యూట్యూబ్ వీడియోలు చూసి నిర్ణయించుకునేవాళ్లున్నారు. వాటిలో ఉండేది మీ ట్రయల్ సంగతి కాదు. ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వం, ఇవాళే సంతకం పెట్టాలి అంటే లేచి వచ్చేయండి.

చదివేటప్పుడు ఇవి దొరికాయో లేదో చూడండి. ఇది వైద్యం కాదు, పరిశోధన. మీకు మేలు జరగాలనేమీ లేదు. చాలా ట్రయళ్లలో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు లేదా మందు లేని మాత్ర అన్నది లాటరీ పద్ధతిలో తేలుతుంది. తరచూ డాక్టరుకు కూడా తెలియదు. "మీకు మంచిదే వచ్చేలా చూస్తాను" అని ఎవరైనా అంటే అది అబద్ధం. ట్రయల్ వల్ల ఆరోగ్యం దెబ్బతింటే 2019 నాటి నియమాల ప్రకారం వైద్యం ఉచితం, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ఆ మాట పత్రంలో ఉండాలి. చేరినవాళ్ల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చని, మానుకున్నా మామూలు వైద్యం ఆగదని ఉండాలి. ట్రయల్ అయ్యాక మందు ఇస్తారా లేదా అన్నది మీరే అడగండి.

పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. 2009లో ఖమ్మం జిల్లాలో పరిశోధన కింద గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసినప్పుడు హాస్టల్ ఆడపిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. పెద్ద గొడవై 2010లో ప్రభుత్వం ఆ పని ఆపించింది. మీ బిడ్డ ఆశ్రమ పాఠశాలలో ఉంటే "మమ్మల్ని అడగకుండా ఏదీ వద్దు" అని హెడ్‌మాస్టరుకు రాసి ఇవ్వండి.

అన్నీ సరిపోయాకే సంతకం. తేదీ మీ చేత్తో మీరే వేయాలి. మీ కాపీ తీసుకోకుండా కుర్చీలోంచి లేవకండి. అది మీ హక్కు.

చేరిన తర్వాత

రోజూ ఒంట్లో ఎలా ఉందో ఒక ముక్క రాసుకోండి. దద్దుర్లు వచ్చినా, కళ్లు తిరిగినా చిన్నదని ఊరుకోక అదే రోజు ఫోన్ చేయండి. తీవ్రమైన ఇబ్బందైతే డాక్టరు 24 గంటల్లోగా ఎథిక్స్ కమిటీకి, ప్రభుత్వ అధికారులకు తెలపాలి. వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మీరు ట్రయల్‌లో ఉన్నారని తెలిపే ట్రయల్ కార్డు చూపించండి. మానేయాలనుకుంటే చెప్పి మానండి, ఎందుకంటే కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపకూడదు. మిగిలిన మాత్రలు, ఖాళీ షీట్లు పారేయకండి, లెక్క చూసి వెనక్కి తీసుకుంటారు.