కొనకుండానే ఇంటి అవసరాలు తీర్చుకోవడం ఎలా?

గోడకు రెండు రంధ్రాలు పెట్టడానికి డ్రిల్లింగ్ మెషిన్ కొనక్కర్లేదు. పని పది నిమిషాల్లో అయిపోతుంది, మెషిన్ మాత్రం ఏళ్ల తరబడి అటక మీదే ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్లలో ఖాళీగా పడున్న వస్తువుల్ని, మనుషుల చేతుల్లో ఉన్న పనితనాన్ని వాడుకోగలిగితే నెల ఖర్చు కొంత తగ్గుతుంది. అయితే దీనికి ఒక పద్ధతి ఉండాలి.

1. ముందు అవసరాన్ని విడదీయండి

ఈ నెల కొనాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన అది సొంతంగా ఉండాలా, కొన్ని రోజులకు దొరికితే చాలా, లేక పని జరిగితే చాలా అని రాసుకోండి. నిచ్చెన, సూట్‌కేసు, టెంట్ లాంటివి కొన్నాళ్లు అరువు దొరికితే చాలు. చిరిగిన బ్యాగుకు కుట్టు వచ్చినవాళ్లు కావాలి, కొత్త బ్యాగు కాదు. చాలామంది ఇది చేయకుండా నేరుగా వస్తువు కోసం వెతుకుతారు.

2. మీరు ఇవ్వగలిగింది చూసుకోండి

ఏడాదిగా ముట్టుకోని వస్తువులు, పొట్టయిపోయిన పిల్లల బట్టలు, చదివేసిన పుస్తకాలు బయటికి తీయండి. పనులూ లెక్కే. లెక్కలు చెప్పడం, సైకిల్ బాగుచేయడం, ఆన్‌లైన్ ఫారాలు నింపడం, ఊరెళ్లినవాళ్ల మొక్కలకు నీళ్లు పోయడం... ఇవన్నీ ఎవరికో ఒకరికి కావాల్సినవే.

3. మనుషుల్ని కూడగట్టండి

వస్తువులు ఇచ్చిపుచ్చుకునే గుంపులు చాలాచోట్ల ఇప్పటికే ఉన్నాయి. ఫ్రీసైకిల్ 2003లో అమెరికాలోని టూసాన్‌లో మొదలైంది. బై నథింగ్ 2013లో అదే దేశంలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఇద్దరు స్నేహితురాళ్లు మొదలుపెట్టారు. రెండింటిలోనూ ఉచితంగా ఇవ్వడమే పద్ధతి, డబ్బు మాటే ఉండదు. మీ దగ్గర అలాంటిది లేకపోతే తెలిసిన పది పదిహేను కుటుంబాలతో ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకోండి. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నవాళ్లయితే మరీ మంచిది. ముందు మీరే రెండు మూడు మంచి వస్తువులు ఇవ్వండి. విరిగినవి, మరకలు పడ్డవి ఇచ్చి మొదలుపెడితే గ్రూపు చెత్తకుప్పగా మారుతుంది.

4. మొహమాటపడకుండా, వివరంగా అడగండి

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ‘ఎవరి దగ్గరైనా టేబుల్ ఉందా?’ అని అడిగితే ఎవరూ పలకరు. ‘పదో తరగతి చదివే అమ్మాయికి రాసుకునే టేబుల్ కావాలి. వెడల్పు మూడు అడుగులు దాటకూడదు. గీతలు పడినా పర్లేదు. ఆదివారం వచ్చి తీసుకెళ్తాం’ అని రాయండి. చదివినవాళ్లకు తమ ఇంట్లో మూలనున్న టేబుల్ వెంటనే గుర్తొస్తుంది. ఇచ్చేటప్పుడూ అంతే. కొలతలు, ఫొటో, లోపం అన్నీ ముందే చెప్పండి.

5. కానుకా, మార్పిడా, అరువా? మొదటే తేల్చండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. గొడవలు ఎక్కువగా వస్తువు దగ్గర రావు, ఒకరు కానుక అనుకుని మరొకరు అరువు అనుకున్న దగ్గర వస్తాయి. కానుకంటే తిరిగి ఏమీ ఆశించకూడదు, తీసుకున్నవాళ్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చినా అడగకూడదు. అరువంటే ఎప్పుడు తిరిగివ్వాలో, పాడైతే ఎవరు బాగుచేయించాలో ముందే చెప్పుకోవాలి. ఇచ్చే రోజున ఫొటో తీసి గ్రూపులో పెడితే ఎవరికీ టెన్షన్ ఉండదు.

మార్పిడిలో చిక్కు వేరు. మీకు కావాల్సింది ఉన్నవాళ్లకే మీ దగ్గరున్నది కూడా కావాలి. ఇది ప్రతిసారీ కుదరదని జెవన్స్ అనే ఆర్థికవేత్త 1875లోనే రాశారు. దీనికి రెండు దారులున్నాయి. మూడో మనిషిని కలుపుకోవడం ఒకటి: మీరు ఒకరి పిల్లవాడికి చదువు చెప్తారు, వాళ్లు వేరొకరికి బట్టలు కుడతారు, ఆ వేరొకరు మీ సైకిల్ బాగుచేస్తారు. రెండోది గంటల లెక్క. ఎవరు ఏ పని చేసినా గంటకు గంటే. అమెరికాలో ఎడ్గర్ కాన్ అనే న్యాయవాది 1980లలో ముందుకు తెచ్చిన ఈ పద్ధతిని ఇప్పుడు టైమ్ బ్యాంక్ అంటున్నారు. మీ వృత్తి పనినే మార్పిడికి ఇస్తుంటే మాత్రం, కొన్ని దేశాల్లో అది కూడా పన్ను లెక్కలోకి వస్తుంది, కనుక్కోండి.

6. పాతది ఇంటికి తెచ్చేముందు చూడండి

దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా తీసుకోవద్దు. పిల్లల కారు సీటయితే ప్రమాదానికి గురైందేమో, దాని మీద ముద్రించిన గడువు తేదీ దాటిందేమో చూడండి. పరుపు కుట్ల దగ్గర నల్లని చుక్కలుంటే నల్లులు ఉన్నట్టే అనుకుని వదిలేయండి. బట్టలు తేగానే, గుడ్డ తట్టుకునేదయితే, 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. ఫోన్ అయితే స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబరు) తీసుకోండి, అది దొంగ ఫోనేమో కనుక్కోవచ్చు. పాత యజమాని తన అకౌంట్ తీసేశాకే చేతిలోకి తీసుకోండి. బ్యాటరీ ఉబ్బితే అసలు వద్దు. కొత్తవాళ్లను కలవాల్సి వస్తే పగటిపూట, నలుగురూ తిరిగే చోట కలవండి.

పాడైన చిన్న వస్తువుల్ని వెంటనే వదిలించుకోకండి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన రిపేర్ కెఫేల్లో పనొచ్చినవాళ్లు పక్కన కూర్చుని ఉచితంగా బాగుచేయిస్తారు. మీ గ్రూపులోనూ నెలకో మధ్యాహ్నం అలా కూర్చోవచ్చు. ఒక స్క్రూడ్రైవర్ల సెట్టు, సూది దారం, టేబుల్ ఉంటే మొదలుపెట్టేయొచ్చు.